దేవసహాయం మాస్టారు విప్పిన ముడి

ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళే దారిలో పడవల సామాను అమ్మే కొట్టొకటి ఉంది. మొన్న పొద్దున నేనెక్కిన ఆటో సరిగ్గా దాని ముందు ఆగిపోయింది. కొట్టు ముందు చుట్టలు చుట్టలుగా మోకులు. అంతకుముందే వాన పడి ఆగినట్టుంది, తడిసిన కొబ్బరి పీచు వాసనా తారు వాసనా కలిసి గుప్పున ముక్కుకి తగిలాయి. డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, ఆ వాసనకి సీటు అంచుకి జరిగి నిటారుగా కూర్చున్నాను. ఆటో నడిపే ఆయన అద్దంలోంచి చూసి, "ఏటమ్మా, ఇక్కడే దిగిపోతారేటి?" అన్నాడు. దిగనని చెప్పాను గానీ నా మనసు అప్పటికే దిగిపోయింది. పదిహేనేళ్ళ సలోమినై, మా చర్చి ఆవరణలో మోకు పట్టుకుని పదహారో మూర దగ్గర నిలబడి ఉన్నాను. అలా నిలబెట్టిన మనిషి గురించి మీకు చెప్పాలి. ఆయన్ని ఎరిగినవాళ్ళం ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందిమే మిగిలాం.

ఆయన పేరు దేవసహాయం. అందరూ మాస్టారు అనేవారు గానీ బడిపంతులు కాదు, చదివింది ఎనిమిదో తరగతి. డెబ్బయ్యో దశకంలో పోర్టులో క్రేనుకి సైగలు చేసే పని ఆయనది. ఓడ అడుగున సరుకు కట్టేవాళ్ళకి పైన క్రేను నడిపేవాడు కనపడడు, అతనికి వీళ్ళు కనపడరు. ఇద్దరికీ కనపడేలా ఓడ మీద ఒక మనిషి నిలబడి చేతులతో చెప్పాలి, ఎత్తమనో దించమనో ఆపమనో. ఆ చెయ్యి ఒక్కసారి తడబడిందంటే కింద ఉన్నవాడి ప్రాణం మీదికి వస్తుంది. వారమంతా ఆ పని చేసి, శనివారం సాయంత్రం స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని హార్బర్ పక్కనున్న మా చిన్న చర్చికి వచ్చేవారు. క్రైస్తవుల నమ్మకాలు, మేం పలికే మాటల అర్థాలు, రెండువేల ఏళ్ళ చరిత్ర మా ఇరవైమంది పిల్లలకి చెప్పేవారు. మా వీధిలోని హిందువుల పిల్లలు కూడా ఇద్దరు ముగ్గురు వచ్చి కూర్చునేవారు, ఎందుకంటే ఆ క్లాసులో జరిగే హడావిడి సినిమా కంటే బాగుండేది.

నేను ఆ క్లాసులో చేరేనాటికే పేరుమోసిన చిలకని. మా నమ్మకాల మీద ప్రశ్నలూ జవాబులూ ఉన్న చిన్న పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా నా నోట్లోనే ఉండేది. మొదటిరోజు మాస్టారు, దేవుడికీ మనుషులకీ నడుమ మధ్యవర్తి అంటే ఏమిటని అడిగారు. ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాను. ఆయన చివరి దాకా విని తల ఊపి, "అది పుస్తకం సెప్పింది. పుస్తకానికి నాను మార్కులేసీసినాను. ఇప్పుడు నువ్వు సెప్పు" అన్నారు. అందరి ముందూ ఏడుపొచ్చినంత పనైంది. ఆయన మాత్రం అదేమీ పట్టించుకోకుండా లేచి, బాల్చీ ఒకటి, తాడు ఒకటి తెప్పించారు. ఇద్దరు ఆడపిల్లల్ని డాబా మీదికెక్కించి తాడు వాళ్ళ చేతికిచ్చారు. పిట్టగోడ అడ్డం, వాళ్ళకి కింద ఏముందో కనపడదు. కింద నేను బాల్చీలో ఇటుకలు పెట్టాలి. నోరెత్తకూడదని షరతు, పోర్టులో ఆ చప్పుడుకి ఎవరి మాటా ఎవరికీ వినపడదు కనక. నేనింకా రెండో ఇటుక పెడుతుండగానే బాల్చీ లేచిపోయింది, ఇటుక జారి నా కాలి పక్కన పడింది. ఇంకోసారి నేను సిద్ధమై ఎంతసేపు చూసినా అది కదల్లేదు. అప్పుడు మాస్టారు ఇరువైపులకీ కనపడేలా ప్రహరీ గోడెక్కి చెయ్యెత్తారు. బాల్చీ మెత్తగా లేచింది, ఆయన అరచెయ్యి చాపగానే గాలిలో ఆగింది, ఇంకో సైగకి మళ్ళీ నా చేతుల్లోకి దిగింది. గోడ మీంచి దూకి, ఇప్పుడు చెప్పమన్నారు. ఒకరికొకరు కనపడని ఇద్దరికీ తను కనపడేవాడనీ, ఇద్దరూ అతన్ని నమ్మాలనీ, తప్పు జరిగితే ముందు అతని గుండే ఆగుతుందనీ నాకు తోచినట్టు చెప్పాను. ఆ చివరి ముక్క విని ఆయన కళ్ళు మెరిశాయి. దానికి కూడా ఒక మార్కన్నారు, ఆ మార్కు ఏ రిజిస్టర్లోనూ లేదు.

ఆయన పాఠమంతా ఇదే తీరు. సంఘం అంటే ఏమిటో చెప్పమంటే మేమంతా చర్చి వైపు వేలు చూపించాం. అందర్నీ బయటికి రమ్మని, తలుపేసి తాళం పెట్టి, సంఘం లోపలుందా బయటుందా అని అడిగారు. సువార్త అంటే మంచి కబురని చెప్పిన రోజున, చేపల వేటకి వెళ్ళి రాని పడవ తిరిగొచ్చిందని కబురు తెచ్చినవాడు ఎలా పరిగెత్తుకొస్తాడో చేసి చూపించమన్నారు. ఆ పరుగులో ఒకడికి మోకాలు దోక్కుపోయింది, వాళ్ళమ్మ వచ్చి మాస్టార్ని నాలుగు మాటలంది. ఈస్టర్‌కి తెల్లవారకముందే మమ్మల్ని సమాధుల తోటకి తీసుకెళ్ళి, ఎవరి తాతల సమాధి దగ్గర వాళ్ళని నిలబెట్టి, సూర్యుడు సముద్రంలోంచి పైకొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడకుండా ఉంచి, అప్పుడు, చావులోంచి తిరిగి లేవడమని అర్థమున్న పునరుత్థానం అన్న మాట పలికించారు. నాకు ఒళ్ళు ఝల్లుమంది, ఇప్పుడు రాస్తున్నా అలాగే ఉంది. ఒక్క త్రిత్వం దగ్గర మాత్రం చేతులెత్తేశారు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, ముగ్గురైన ఒక్క దేవుడని క్రైస్తవుల నమ్మకం. "దీనికి పోలిక నాకు దొరకలేదమ్మా. నమ్ముతాను గాని ఇప్పి సెప్పలేను" అన్నారు. పెద్దవాళ్ళు తెలియదని చెప్పగా వినడం నాకదే మొదటిసారి.

చరిత్రకి ఆయన దగ్గర మోకు ఉండేది. ఓడవాళ్ళు పారేసిన పాత మోకు, ఇరవై మూరల పొడవు, నూరేళ్ళకో మూర. ఎక్కడ ఏం జరిగిందో అక్కడ ఒక ముడి. ఆవరణలో పొడుగ్గా పరిచి, ఒక్కో ముడి దగ్గర ఒక్కొక్కర్ని నిలబెట్టి ఆ కాలం మనిషిగా మాట్లాడించేవారు. మొదటి మూరలో శిష్యులు, వాళ్ళ వెనక రోమా రాజ్యానికి భయపడి నేలమాళిగల్లో ప్రార్థన చేసుకున్నవాళ్ళు. నాలుగో మూరలో చక్రవర్తే విశ్వాసి అయిపోతాడు, అక్కడ మేం చప్పట్లు కొడితే ఆయన ఆపి, అధికారం చేతికొచ్చాక ఆ విశ్వాసులే ఎవరెవర్ని హింసించారో కూడా తెలుసుకోమనేవారు. పదకొండో మూరలో తూర్పు సంఘం, పడమటి సంఘం విడిపోతాయి. పదహారో మూర నాది, జర్మనీలో ఒక సన్యాసి తన సంఘాన్నే ప్రశ్నించిన కాలం. పంతొమ్మిదో మూర దగ్గరికి వచ్చేసరికి మాస్టారి గొంతు మారిపోయేది. ఇక్కడే, మా ఊళ్ళోనే, దొరలూ తెలుగు పండితుడూ కలిసి కూర్చుని అచ్చుకెక్కిన మొట్టమొదటి తెలుగు సువార్తని తయారుచేశారని చెప్పి, కాళ్ళ కింద నేల చూసుకోమనేవారు. మేం నిజంగానే వంగి చూసుకునేవాళ్ళం.

ఆయనకి ప్రాణమైన ముడి మాత్రం దానికి కాస్త ముందుంది. భీమునిపట్నంలో, అదే మా భీమిలిలో, సముద్రానికి దగ్గరగా డచ్చివాళ్ళ పాత సమాధులున్నాయి, అక్కడివాళ్ళు ఒలందావారి గోరీలంటారు. మాస్టారి మామ్మది ఆ ఊరే. ఆ సమాధుల్లో ఒకదాని మీద ఏటేటా ఆవిడ కొవ్వొత్తి వెలిగించేదట. మమ్మల్నందర్నీ తగరపువలస మీదుగా వెళ్ళే బస్సెక్కించి అక్కడికి తీసుకెళ్ళారు. దారంతా పాటలు, వేరుశనక్కాయలు, కండక్టరుతో తగువు. నాచు పట్టిన నల్లరాయి ముందు ఆయన చెప్పులు విప్పి నిలబడ్డారు. "మా మామ్మ సెప్పీది. ఈయన ఒలందా పాదిరి. మన పల్లెకారోళ్ళ గుడిసెల్లో కూకొని వాక్యం సెప్పీవోడంట" అన్నారు. రాయి మీద అక్షరాలున్నాయి గానీ ఆ భాష ఎవరికీ రాదు. మామ్మ మాట చాలనుకున్నాం అందరం, ఆయనతో సహా.

ఆ సంవత్సరమే సంఘపెద్ద సత్యానందం గారు ఒక మాటన్నారు. ఆయన ఏదో ఆఫీసులో హెడ్ క్లర్కు, పద్ధతి మనిషి. డిగ్రీ లేని మనిషి బాల్చీలతో మోకులతో పాఠం చెప్పడం నలుగురిలో నామోషీగా ఉందనీ, నగరంలో సంఘాలన్నీ కలిసి పెట్టే ఉపన్యాస పోటీలో ఈసారైనా బహుమతి రాకపోతే క్లాసుని కాలేజీ లెక్చరరు ఒకాయనకి అప్పగిస్తామనీ తేల్చిచెప్పారు. ఆ పోటీలో షీల్డు ఎప్పుడూ కొండమీది పెద్ద చర్చిదే. మా చర్చి నుంచి నన్ను ఎంపిక చేశారు. క్లాసు పోతే మాస్టారేమైపోతారో అన్నది ఒక్కటే నా దిగులు.

పోటీరోజున ఆ పెద్ద చర్చి నిండిపోయింది. నా వంతు వచ్చింది. మా తీరానికి సువార్త ఎలా వచ్చిందన్నది నా విషయం. భీమిలి పాదిరి దగ్గరికొచ్చేసరికి జనం కదలడం మానేసి వింటున్నారు. ఆ నిశ్శబ్దం నా తలకెక్కింది. పల్లెలో కలరా వచ్చిందనీ, అందరూ పారిపోతే ఆ పాదిరి ఒక్కడే ఉండి రోగులకి సేవ చేసి, ఆఖరికి తనూ ఆ జబ్బుతోనే పోయాడనీ అనేశాను. ఎవరూ చెప్పలేదు నాకది. నాలుక మీదికి దానంతటదే వచ్చేసింది. ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. షీల్డు మాకే వచ్చింది. మా వీధివాళ్ళు నన్ను రిక్షాలో కూర్చోబెట్టి డప్పులతో హార్బర్ దాకా ఊరేగించారు, సత్యానందం గారు కూడా రిక్షా పక్కన నడిచారు. మాస్టారు మాత్రం దారిలో నా పక్కకొచ్చి, కలరా సంగతి నాకెవరు చెప్పారని ఎంతో ఆశగా అడిగారు. భీమిలిలో ఒక ముసలావిడ చెప్పిందన్నాను. ఆయన సంతోషం చూడాలి. మరుసటి శనివారం ఆ కథ కూడా పాఠంలో చేరిపోయింది. పక్కన కూర్చుని విన్నాను, చెవులు కాలిపోతుండగా.

రెండు నెలలకి హాలెండ్ ఓడొకటి పోర్టుకొచ్చింది. ఆ ఓడ మీద పనిచేస్తూ మాస్టారు తల నెరిసిన నావికుడొకాయనతో స్నేహం చేశారు. భాష సగం సైగలు, సగం ముక్కల ఇంగ్లీషు. మీ దేశపు పాదిరి మా ఊళ్ళో ఉన్నాడు, చూపిస్తా రమ్మన్నారు. ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని, నన్ను, మా అమ్మని వెంటబెట్టుకుని భీమిలి బయల్దేరారు. బస్సులో ఆ నావికుణ్ణి చూడ్డానికి జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. మాస్టారు పెళ్ళికొడుకు తండ్రిలా వెలిగిపోతున్నారు. సమాధి దగ్గర ఆ పెద్దాయన టోపీ తీసి, రాయి మీద నీళ్ళు పోసి, రుమాలుతో నాచు తుడిచి, వేలుపెట్టి ఒక్కో అక్షరం చదివాడు. తర్వాత మా వైపు తిరిగి, ఈయన కంపెనీ వర్తకుడనీ బట్టల వ్యాపారం చూసేవాడనీ నాకర్థమయ్యే ఇంగ్లీషులో చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. మాస్టారు, సమాధిలో ఉన్నది పాదిరి కాదా అని నాతో మళ్ళీ అడిగించారు. నావికుడు తల అడ్డంగా ఊపి, పక్క రాళ్ళు కూడా ఓపిగ్గా చదివాడు. ఆ తోటలో పాదిరి అని రాసున్న రాయి ఒక్కటీ లేదు.

తిరుగు బస్సులో మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అనేది. ఆయన బాధ చూళ్ళేక, "ఒగ్గీండి అన్నయ్యా. ఆ బాస మనూళ్ళో ఎవులికొచ్చు? ఎవులికి తెలుస్తాది?" అంది. ఆయన కిటికీ వైపు నుంచి ఇటు తిరిగి, "మనకి తెలిసిపోనాది కదమ్మా" అన్నారు. నేను కాళ్ళ వంక చూసుకున్నాను. ఆయనకి తెలిసిన తప్పు ఒకటి, నాకు తెలిసినవి రెండు. నోరు విప్పితే షీల్డు పోతుంది, క్లాసు పోతుంది, నా ఊరేగింపూ పోతుంది. చెప్పొద్దని ఇంటిదగ్గర ఆయన్ని బతిమాలాను, ఆయన నా తల నిమిరి వెళ్ళిపోయారు.

సంఘాలన్నీ కలిసి చేసుకునే నెలవారీ ఆరాధన అదే పెద్ద చర్చిలో జరిగింది. ప్రకటనల సమయంలో మాస్టారు లేచి ముందుకి నడిచారు. ఒక చేతిలో గుడ్డసంచిలో షీల్డు, భుజం మీద మోకు. సత్యానందం గారి మొహం పాలిపోయింది. మాస్టారు షీల్డు బల్ల మీద పెట్టి, మోకులో ఆ ముడి వెతికి పట్టుకున్నారు. "ఈ ముడి నానేసింది. మా మామ్మ సెప్పింది, నాను ఆరా తియ్యలేదు. నిజమని పిల్లలకి సెప్పీసినాను. ఆ రాయి కిందున్నాయన బట్టల యాపారి, పాదిరి కాదు" అన్నారు. అని ముడి విప్పడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి బిగుసుకున్న ముడి, ఓ పట్టాన రాలేదు. గోళ్ళతో లాగారు, పళ్ళతో పట్టారు. వెనక ఎవరో నవ్వారు, ఇంకెవరో ఉష్ అన్నారు. ఆ మోకు దగ్గర ఎంతోమందిని నిలబెట్టి మాట్లాడించిన మనిషి, మామ్మ కొవ్వొత్తి వెలిగించిన చోటుని అందరి ముందూ చేతులారా విప్పుకుంటుంటే నాకు దుఃఖం ఆగలేదు. చివరికి ముడి వీడింది. పీచు అక్కడ వంకరగా అలాగే ఉండిపోయింది.

పోటీకి న్యాయనిర్ణేతగా ఉన్న పెద్దమనిషి లేచి, మరి కలరాలో సేవ చేసి చనిపోయిన సంగతేమిటని అడిగాడు. మాస్టారు నా వైపు చూడనైనా చూడలేదు. "అది నాను ఇన్నాను. సూసుకోకుండా నమ్మీసినాను. అదీ నా తప్పే" అన్నారు. అబద్ధం లేదు అందులో, నా పేరూ లేదు. నేను కూర్చునే ఉంటే ఆ సంగతి అక్కడితో సమసిపోయేది. మారుమనస్సు, అంటే తప్పు తెలుసుకుని వెనక్కి మళ్ళడం, ఆ మాటకి జవాబు పుస్తకంలో రెండున్నర వరసలుంటుంది, నాకు తడుముకోకుండా వచ్చు. కానీ అది తలలో ఉండేది కాదనీ, దానికి కాళ్ళు కావాలనీ ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడే తెలిసింది. మా అమ్మ ఓణీ పట్టుకుని లాగుతున్నా లేచాను. ఉపన్యాసానికని నెలరోజులు దిద్దుకున్న భాష అంతా ఎటుపోయిందో, మా వీధి మాటే బయటికొచ్చింది. "అది నానే కల్పించీసినాను. మాస్టారు సెప్పలేదు" అన్నాను. చర్చిలో అంతమంది తలలు ఒక్కసారి నా వైపు తిరిగాయి. ఆ బరువు ఇప్పటికీ నా మెడకి గుర్తుంది.

కొండ దిగుతున్నప్పుడు మాస్టారు మలుపు దగ్గర ఆగి, మోకు ఇంకో భుజానికి మార్చుకుని, "ఆ రాయి కాడ నాకు బయమేసింది సలోమీ. ఇన్నాళ్ళూ పిల్లలకి ఏటి సెప్పినానో అని. నువ్వు లేసినావు సూడు, అప్పుడు పోయింది" అన్నారు. తర్వాత ఆయన మొహంలో పాత వెలుగు వచ్చేసింది. ఆ వర్తకుడు ఏ బట్ట కొన్నాడో, మన సాలీల దగ్గర కొన్నాడేమో, ఆ కథ ఎవరిని అడిగితే తెలుస్తుందో అని హార్బర్ దాకా ఒకటే ఆరాటం. నేనింకా ఎక్కిళ్ళు పెడుతూనే ఉన్నాను, అయినా ఆయన వెనకే వడివడిగా నడిచాను.

షీల్డు పెద్ద చర్చికి వెళ్ళిపోయింది. క్లాసు లెక్చరరు గారికి ఇచ్చేశారు. ఆయన మంచివారే, నెమ్మదిగా నోట్సు చెప్పి రాయించేవారు. మొదటి శనివారం మేం ఉసూరుమంటూ వెళ్ళి కూర్చున్నాం. ప్రార్థన అయ్యాక తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ చొక్కాతో, కొత్త నోటుబుక్కుతో దేవసహాయం మాస్టారు వచ్చి, పిల్లల వెనక చివరి బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుని పెన్సిలు తీశారు. ఆ ఏడాదంతా ఒక్క క్లాసు మానలేదు. అర్థం కానిచోట చెయ్యెత్తి అడిగేవారు, లెక్చరరు గారు మొదట్లో ఇబ్బంది పడ్డా తర్వాత ఆయన చెయ్యి కోసమే వెతికేవారు. ఎనభైల్లో మా నాన్నకి స్టీలు ప్లాంటు కట్టే చోట పని దొరికి మేం అటు మారిపోయాం. మాస్టారు పోయిన సంగతి నాకు పదిరోజులు ఆలస్యంగా తెలిసింది. ఆ బాధ నన్నింకా వదల్లేదు.

నేను చరిత్ర చదవడానికి కారణం ఆయనే అని చెప్పుకుంటే సగమే చెప్పినట్టు. కాలేజీలో చేరిన కొత్తలో, తూర్పు పడమటి సంఘాలు విడిపోవడానికి కారణం చెప్తూ ఎప్పుడో తర్వాత కాలంలో జరిగిన సంగతిని ముందుకి తెచ్చి కలిపేశాను. ఇంటికెళ్ళి పుస్తకం తిరగేస్తే ఆ తప్పు బయటపడింది. డెబ్బైమంది పిల్లలు, ఒక్కరూ పట్టుకోలేదు, పరీక్షలో ఆ ప్రశ్న వచ్చేది కూడా కాదు. మర్నాడు క్లాసులోకి వెళ్ళి, నిన్న నేను చెప్పింది తప్పు, నోట్సులో కొట్టేయండి అన్నాను. ముప్పై ఏళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. పోనుపోను అలవాటవుతుందిలే అనుకున్నాను, కాలేదు. ప్రతిసారీ గొంతు వణికింది. వణుకుతూనే లేచి నిలబడి చెప్పాను.